రెండు చుక్కల దూరం

పొద్దున్నే షట్టరు పైకి లేచే చప్పుడంటే కొత్త కోడలికి భలే ఇష్టం. ఆ చప్పుడు వెనకాలే వెలుగు నేల మీద పాకుతూ లోపలికొస్తుంది. గోడకు వరసగా తగిలించిన కళ్ళజోళ్ళన్నీ ఎవరో నిద్ర లేపినట్టు ఒక్కసారి మెరుస్తాయి. పైన ఇల్లు, కింద కళ్ళజోళ్ళ షాపు. ఆ మెరుపు చూడ్డానికి ఆమె రోజూ మెట్లు గబగబా దిగేది. దారిలో భర్త చేతిలోని టీ గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగి, మళ్ళీ అతనికే ఇచ్చేసేది.

"మొత్తం తాగొచ్చుగా," అనేవాడతను.

"మీరు తాగే గ్లాసులోనే రుచి."

"ఇంకో ఏడాది పోనీ, ఆ రుచి సంగతి అప్పుడు చెబుదువుగాని," అనేది పైనుంచి అత్తగారు. ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

షాపులో పనిచేసేది నలుగురు, నలుగురూ ఇంటివాళ్ళే. పక్క గదిలో భర్త కళ్ళు పరీక్ష చేస్తాడు. ముందు కౌంటరు దగ్గర మామగారు, కోడలు ఉంటారు. వెనక చిన్న గదిలో, నీళ్ళు చిమ్ముతూ గిర్రున తిరిగే సానరాయి ముందు భర్త అక్క కూర్చుంటుంది. కోడలికి ఆవిడ వదిన. అద్దాలు కోసి, అంచులు అరగదీసి, ఫ్రేములో బిగించడం ఆవిడ పని. వెనక గదికీ కౌంటరుకీ మధ్య పలకంత కిటికీ ఒకటుంది. ట్రేలు అందులోంచే అటూ ఇటూ నడుస్తాయి. కౌంటరు వైపునుంచి చూస్తే వదిన చేతులే కనబడతాయి తప్ప ముఖం కనబడదు.

"వదిన ముందు కూర్చోరేం మామయ్యగారూ?" అని వచ్చిన కొత్తలో కోడలు అడిగింది.

"దానికి మనుషులతో పడదు తల్లీ. ఎప్పుడూ ముఖం ముడుచుకునే ఉంటుంది. వచ్చిన బేరం గుమ్మంలోంచే తిరిగిపోతుంది. అయినా చేతిపని వచ్చినవాళ్ళు వెనకుండాలి, మాట వచ్చినవాళ్ళు ముందుండాలి. ఇది వ్యాపారం."

సబబుగానే ఉందనుకుంది. వదిన పై పళ్ళు కాస్త ముందుకుంటాయి. దవడ వెడల్పు. కనుబొమల మధ్య నిలువునా ఒక ముడత, నవ్వినా చెరగదు. మాట కూడా సానబెట్టినట్టే ఉంటుంది. ఒకసారి కోడలు కిటికీ దగ్గరకెళ్ళి, "ఏం చేస్తున్నారు వదినా?" అనడిగితే, "వంట," అంది ఆవిడ, చేతిలో అద్దం తిప్పుతూ.

మామగారు మటుకు మాటల పుట్ట. ఆయనకో గొప్ప ఉంది. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే ముక్కు మీద గుంటలు చూసి చెప్పేస్తారు: ఈయన అద్దాలు పెట్టుకుంటాడు, ఇంట్లో మర్చిపోయొచ్చాడు, ఫ్రేము బరువెక్కువ, ఎడమ కాడ వంకర. "ముక్కు అబద్ధమాడదు తల్లీ," అని కోడలి వైపు తిరిగి కళ్ళెగరేసేవారు. కోడలు చప్పట్లు కొట్టేది.

ఆమెకిది మొదటి ఉద్యోగం. చదువైపోయిందో లేదో పెళ్ళయింది. పెళ్ళయీ కాకముందే, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, షాపుకి రా," అన్నారు మామగారు. వచ్చిన కొన్నాళ్ళకే జనం, "ఆ అమ్మాయి లేదా ఇవాళ?" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె చూపించిన ఫ్రేమునే కొనేవాళ్ళు. తప్పు చెబితే నవ్వేవాళ్ళు. మర్చిపోతే గుర్తుచేసేవాళ్ళు. "నీ చేతిలో ఏదో ఉంది తల్లీ," అన్నారు మామగారు. ఆ సాయంత్రం ఆమె పుట్టింటికి ఫోను చేసి, "అమ్మా! నాకీ పని పట్టుబడిపోయింది," అని గంతులేసినంత పని చేసింది. నిజంగానే నమ్మింది. తన చేతిలో ఏదో ఉందనే నమ్మింది.

ఆ రోజు కూడా షట్టరు ఎప్పటిలాగే లేచింది, కళ్ళజోళ్ళు ఎప్పటిలాగే మెరిశాయి. ఆ మెరుపు వెనకాలే, మొన్న జోడు తీసుకెళ్ళిన బస్సు డ్రైవరు లోపలికొచ్చాడు.

"ఏం అద్దాలు సార్ ఇవి?" జోడు కౌంటరు మీద ఠపీమని పెట్టాడు. "పెట్టుకుంటే నేల ఎక్కడుందో తెలీట్లేదు. తలపోటు ఒకపక్క. నిన్న డిపోలోకి బస్సు తిప్పుతున్నా. గోడ అల్లంత దూరాన ఉందనుకున్నా, తీరా చూస్తే పక్కనే ఉంది. పక్క అద్దం పగిలిపోయింది. ఆ గోడ దగ్గర మనిషుండుంటే? చెప్పండి సార్, ఉండుంటే?"

మామగారు జోడు తీసుకుని, అద్దాలు కొలిచే మిషను మీద పెట్టి చూశారు. ఇంకోసారి చూశారు. కంటిపాపకు ఎదురుగా ఉండాల్సిన అద్దం నడిమి భాగం పక్కకు జరిగి ఉంది, రెండు వైపులా.

"పెద్దదానా!"

సానరాయి ఆగింది. వదిన ముంజేతులతో నుదురు తుడుచుకుంటూ వెనక తలుపు తీసుకుని వచ్చింది. ఏప్రాన్ మీద నీటి మరకలు.

"కళ్ళు నెత్తికెక్కాయా? ఏం కోశావిది? మనిషి ప్రాణం పోయేది! పైకి ముఖం ముడుచుక్కూర్చుంటావు, పనన్నా సరిగ్గా ఏడుస్తావనుకుంటే!"

వదిన కోడలి వైపు ఒక్కసారి చూసింది, అంతే. ఆ చూపు ఎందుకో కోడలికి తెలుసు.

ఆ షాపులో ఒక పద్ధతుంది. కొత్త ఫ్రేములో ముందే ఉండే ఉత్తుత్తి అద్దాల మీద, మనిషికి తొడిగి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో కంటిపాపకి నేరుగా పెన్నుతో ఒక్కో చుక్క పెడతారు. ఆ రెండు చుక్కల దూరాన్ని బట్టే వదిన అసలు అద్దం కోస్తుంది. బిగించాక ఉత్తుత్తి అద్దాలు బుట్టలోకి పోతాయి, వాటితోపాటే చుక్కలూ పోతాయి. డ్రైవరుకి చుక్కలు పెట్టింది కోడలే. ఆ వేళ అతనేదో హాస్యమాడాడు, తను పగలబడి నవ్వింది, ఫ్రేము ఒకపక్కకి జారింది, ఆ నవ్వులోనే టక్ టక్ మని రెండు చుక్కలు పెట్టేసింది.

అది మాత్రమే అయితే బాగుండేది. ఆ వేళే, కాసేపటికి కిటికీలోంచి తడి చేతులు ట్రేని ఇటు తోశాయి. "మరదలా, ఈ చుక్కలు ఇంకోసారి చూస్తావా? మరీ దగ్గరగా ఉన్నట్టున్నాయి." తను నోరు తెరిచేలోపే మామగారు అడ్డుపడ్డారు. "కొత్తపిల్ల పనికి వంకలు పెట్టకు. ఉన్నది ఉన్నట్టు కొయ్యి." ఆ చేతులు ఒక్క క్షణం ఆగి, ట్రేని వెనక్కి లాక్కున్నాయి. ఆ క్షణాన తను మురిసిపోయింది. మామగారు నన్నెంత వెనకేసుకొస్తున్నారో అని మురిసిపోయింది!

ఇప్పుడు కోడలు ఎవరి వైపూ చూడకుండా గ్లాసుతో నీళ్ళు తెచ్చి డ్రైవరుకిచ్చింది. అతను నీళ్ళు తాగి మెత్తబడ్డాడు.

"నువ్వు బాధపడకమ్మా, మధ్యలో నీదేముంది? లోపలుండేవాళ్ళు చూసుకోవాలి."

"రేపట్నించి నువ్వు షాపులో అడుగు పెట్టక్కర్లేదు," అంటున్నారు మామగారు కూతురితో. "ఇంట్లో కూర్చో. వెనక పనికి ఇంకెవర్నన్నా పెట్టుకుంటాను."

"మామయ్యగారూ!" కోడలి గొంతు కీచుమంది. "వదిన తప్పు కాదు. చుక్కలు పెట్టింది నేను. నేనే తప్పు పెట్టాను. వదిన చూడమంది, నేను చూడలేదు."

ఫ్రేములు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఇక తిట్లు తప్పవనుకుని కోడలు కళ్ళు మూసుకుంది. తల మీద మెత్తగా చెయ్యి పడింది.

"చూశారా?" మామగారి కళ్ళు చెమర్చాయి. "ఆడపడుచుని కాపాడ్డానికి తప్పు తన మీదేసుకుంటోంది. ఏ ఇంట్లో చూస్తారండీ ఇలాంటి కోడల్ని?"

"బంగారం సార్," అన్నాడు డ్రైవరు.

"కాదు! నిజంగా నేనే..."

"ఊరుకో తల్లీ. నీ మనసు నాకు తెలీదూ?" కూతురి వైపు తిరిగేసరికి ఆ గొంతు మళ్ళీ గరుకెక్కింది. "చూసి నేర్చుకో. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నీకోసం అబద్ధమాడుతోంది. నీకు సిగ్గన్నా లేదు."

వదిన ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. నవ్విందో ఏమో, పళ్ళు కాస్త కనిపించాయి.

"అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. మనింట్లో కోడలు కొడితే అడుగోటిది. కూతురు ముట్టుకుంటే చాలు, కొత్తది." అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కోడలు పరీక్ష గదిలోకి దూరి తలుపేసుకుంది. భర్త అక్షరాల పలక తుడుస్తున్నాడు.

"ఏవండీ, మీరన్నా నమ్మండి. అది నా తప్పే."

"నువ్వు మంచిదానివి. అక్క సంగతి నీకు తెలీదు. చిన్నప్పట్నించీ అంతే, మొండిఘటం. నాన్నకీ తనకీ పడదు."

"ఎందుకు పడదు?"

"ఎందుకంటే... ఏమో. పడదంతే."

"నేను చెప్పేది నిజమండీ! ఒట్టు!"

అతను నవ్వి ఆమె బుగ్గ గిల్లాడు. "ఈ ముఖాన్ని చూస్తే అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. నీకు దాచడం రాదు."

పెళ్ళయిన నాటినుంచి మొదటిసారి ఆ వేళ్ళు ఆమెకు తియ్యగా తగల్లేదు. నిజం చెబితే అబద్ధమంటున్నాడు, అదీ తన ముఖం చూసి. నీళ్ళలో మునిగిపోతూ అరుస్తుంటే ఒడ్డునున్నవాళ్ళు, ఎంత బాగా ఈదుతోందో అని మెచ్చుకుంటున్నట్టుంది. బయటికొస్తే ఎటు చూసినా అద్దాలు. నిలువుటద్దాలు, కౌంటరు మీద గుండ్రటద్దాలు, అన్నిట్లోనూ తనే. చూసుకోవడానికి ఇన్నాళ్ళూ ఎంత సరదా పడిందో ఆ ముఖం! ఇప్పుడు తల దించుకుని నడిచింది.

పైన వదిన గదిలో మంచం మీద పెట్టె తెరిచి ఉంది. వదిన కిటికీ దగ్గర కూర్చుని పైటచెంగుతో ఒక కళ్ళజోడు తుడుచుకుంటోంది. పాత ఫ్రేము, ఒక కాడకి దారం చుట్టి ఉంది. కోడల్ని చూసి దాచబోయి, మానేసి, పెట్టుకుంది.

కనుబొమల మధ్య ముడత మాయమైంది.

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీకు... అద్దాలున్నాయా వదినా?"

"కళ్ళజోళ్ళ షాపువాళ్ళింట్లో కళ్ళజోడుండదా?"

"మరి ఎప్పుడూ పెట్టుకోరేం?"

"సానరాయి ముందు పెట్టుకుంటాను. లేకపోతే వేళ్ళు తెగవూ? పిలిచినప్పుడు ఏప్రాన్ జేబులో వేసుకుని వస్తాను." వీధిలోకి చూస్తూ చెప్పింది. "చిన్నప్పుడు బళ్ళో బోర్డు కనబడేది కాదు. నాన్నే పరీక్ష చేశారు. నేను అవతల గదిలో ఉన్నాననుకుని అమ్మతో అన్నారు. 'అసలే దాని ముఖం అంతంతమాత్రం, దానికి అద్దాలు కూడానా. కొన్నాళ్ళాగుదాం,' అని. ఆగారు. తర్వాత ఆ మాటే మర్చిపోయారు. పని నేర్చుకున్నాక నా అద్దాలు నేనే చేసుకున్నాను. ఇది కోపంతో వచ్చిన ముడత కాదు మరదలా. ఎదుటిమనిషి కనబడక."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. మంచం పక్కన కూలబడింది. "నన్ను క్షమించండి వదినా. నా మీద కోపం లేదని చెప్పండి."

"ఎందుకు లేదూ? ఉంది. బోలెడంత ఉంది." వదిన చీర మడత పెట్టి పెట్టెలో వేసింది. "నీ తప్పు నీకు మెడలో దండయింది. నా ఒప్పు నాకు మెడకి గుదిబండ. ముఖం చూసి బొట్టు పెట్టడమంటే ఇదే. అలాగని నీ ముఖం నువ్వు మార్చుకోలేవుగా? నువ్వేం చేస్తావులే పాపం."

"ఎక్కడికి వెళ్తారు?"

"ఊరవతల అద్దాలు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దుమ్ము పడకుండా అందరూ ముఖానికి గుడ్డ కట్టుకుని పని చేస్తారట. కళ్ళు తప్ప ఏమీ కనబడవట." వదిన పెట్టె మూత వేసింది. "హాయి కదూ?"

"మీకా సానరాయంటే ప్రాణం వదినా."

"ప్రాణమే. అందుకే ఇన్నాళ్ళు పడ్డాను." పెట్టె మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "నాన్నేమీ పాపిష్టివాడు కాదు. నన్ను చూసి విసుక్కుంటున్నట్టు ఆయనకే తెలీదు. తెలిసి తిడితే ఎదురుతిరగొచ్చు. తెలియనివాళ్ళతో ఏం పోట్లాడతాం?"

మర్నాడు కోడలు ఒక నిర్ణయానికొచ్చింది. మాటతో పని జరక్కపోతే చేతలతో చూపిస్తాను. ఇవాళ మామగారి చేత ఒక్క తిట్టు తినాలి. ఒక్కటి చాలు. దాంతో వదిన సంగతి ఎత్తొచ్చు.

కావాలని ఆలస్యంగా దిగింది. "కొత్త కాపురం, నిద్ర చాలదు పాపం," అన్నారు మామగారు. బాగుచెయ్యాల్సిన కళ్ళజోళ్ళున్న ట్రే కింద పడేసింది. "దెబ్బ తగల్లేదు కదా తల్లీ?" అన్నారు. ఒక పెద్దాయనకి ఎవరిదో వేరే జోడు పెట్టింది. ఆయన పెట్టుకుని అటూ ఇటూ చూసి, "అమ్మాయి ఇచ్చిందంటే బాగానే ఉండుంటుంది," అన్నాడు! ఏ రాయి విసిరినా పువ్వై తిరిగొస్తోంది. ఇంకో రోజైతే ఈ సంగతి చెప్పి భర్తతో పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇవాళ ఏడుపొచ్చింది.

వెనక గది మూగబోయింది. ట్రేలు కిటికీ దగ్గర గుట్టపడ్డాయి. మామగారే వెళ్ళి సానరాయి ముందు కూర్చున్నారు. ఒక అద్దం అంచు పెచ్చు లేచింది, ఇంకోటి పగిలింది. విసుగ్గా బయటికొచ్చి, "అలవాటు తప్పింది," అన్నారు ఎవరూ అడక్కపోయినా. అప్పుడే అత్తగారు భోజనం డబ్బాతో దిగింది. షాపులో బేరాలు లేవు. పైనుంచి వదిన పెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది.

కోడలు లేచింది. "మామయ్యగారూ, ఒక్కసారి ఈ కుర్చీలో కూర్చోండి."

"ఎందుకు తల్లీ?"

"కూర్చోండి."

ఆయన నవ్వుతూ కూర్చున్నారు. కోడలు ఒక కొత్త ఫ్రేము తొడిగి, పెన్ను తీసి, డ్రైవరుకి పెట్టినట్టే రెండు చుక్కలు పెట్టింది. జోడు తీసి ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన స్కేలు పెట్టి కొలిచారు. నవ్వు కాస్త తగ్గింది.

"కొంచెం దగ్గరగా పెట్టావు. ఫర్వాలేదులే. చెయ్యి కుదరాలి. కొత్తకదా, నేర్చుకుంటావు."

"వదిన నేర్చుకునేటప్పుడు కూడా ఇలాగే అన్నారా?"

మామగారు తలెత్తారు. జవాబు అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది, భోజనం డబ్బా మూత తీస్తూనే.

"స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు. రాత్రి నేను నూనె రాసేదాన్ని."

"నువ్వూరుకో. సొంత కూతురు కాబట్టి గట్టిగా నేర్పాను. ఇందులో తప్పేముంది?"

"సొంత కొడుకుని ఎన్నిసార్లు కొట్టారు?" అంది కోడలు.

చప్పుడు విని బయటికొచ్చిన భర్త గుమ్మంలోనే ఆగాడు. తండ్రి కొడుకు వైపు చూశారు. కొడుకు, "నన్నెప్పుడూ కొట్టలేదు నాన్నా," అన్నాడు మెల్లగా, తనకే అప్పుడు తట్టినట్టు.

"వాడు పని సరిగ్గా చేసేవాడు!"

"నేను పగలగొట్టినన్ని అద్దాలు అక్క పగలగొట్టలేదు నాన్నా."

"అది... దానికి పొగరు. మాట వినదు."

"ఆ రోజు వదిన మీ మాట విన్నారుగా మామయ్యగారూ. ఉన్నది ఉన్నట్టు కొయ్యమన్నారు, కోశారు. చుక్కలు తప్పని ఆవిడ చెప్పారు, మీరే వద్దన్నారు. మీకు గుర్తుంది. నాకూ గుర్తుంది." కోడలు ఏడుస్తోంది, ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యట్లేదు. "ఇవాళ పొద్దున్నుంచి నేను ఎన్ని తప్పులు చేశానో చూశారు. ఒక్కదానికి కోప్పడ్డారా? నా చేతిలో ఏదో ఉందన్నారు. నా చేతిలో ఏముంది మామయ్యగారూ? ఏమీ లేదు! నాకు పని రాదు. మీరెవ్వరూ నన్ను నేర్చుకోనివ్వలేదు. వదినకి అన్నీ వచ్చు, ఆవిణ్ణి వెళ్ళగొడుతున్నారు. ఎందుకని? కారణం చెప్పండి. ఏదైనా సరే, ఒక్క కారణం చెప్పండి, నేను నోరు మూసుకుంటాను."

"కారణమా? కారణం ఉండాలా దానికి?" మామగారు లేచి నిలబడ్డారు. "నాకేం తెలుసు? పొద్దున్నే దాని ముఖం చూస్తేనే నాకు..."

మాట అక్కడ తెగింది.

ఆయనే తన మాటని తను విన్నట్టు నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఎదురుగా నిలువుటద్దంలో ఆయన వెనక మెట్లు కనిపిస్తున్నాయి. చివరి మెట్టు మీద వదిన. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో వెనక గది తాళంచెవి.

"చెప్పండి నాన్నా," అంది వదిన. గొంతు ప్రశాంతంగా ఉంది. "సగంలో ఆపారేం? ఇన్నేళ్ళకి నోటిదాకా వచ్చింది. బయటికి రానివ్వండి."

ఆయన తిరగలేదు. అద్దంలోంచే చూస్తున్నారు. వదిన వచ్చి తాళంచెవి కౌంటరు మీద పెట్టింది.

"సానరాయికి పొద్దునే నీళ్ళు మార్చాలి. మర్చిపోతే గీతలు పడతాయి. వెళ్ళొస్తాను."

అప్పుడు తిరిగారాయన. అంత దగ్గరగా, వెలుతురు పడుతున్న చోట, కూతురి ముఖాన్ని చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన చెయ్యి తనంతట తనే లేచింది. చూపుడు వేలు ఆవిడ ముక్కు దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. ముక్కుకి అటూ ఇటూ చిన్నచిన్న గుంటలు. పాతవి, బాగా లోతైనవి.

"అద్దాలు... పెట్టుకుంటున్నావా?"

వదిన తలూపింది.

"ఎప్పట్నించి?"

"మీ చేతి కింద పని నేర్చుకున్నప్పట్నించి."

గుమ్మంలోకొచ్చిన ముక్కూ ముఖం తెలియని మనిషి అద్దాల సంగతి చెప్పే పెద్దమనిషి! ఆయన కౌంటరు పట్టుకున్నారు. "రోజూ చూస్తున్నానే నిన్ను," అన్నారు, ఎవరినో బతిమాలుతున్నట్టు. "రోజూ చూస్తున్నానే పెద్దదానా." ముసలాయన భుజాలు కదులుతుంటే భర్త ముందుకొచ్చాడు, అత్తగారు చేత్తో అతన్ని ఆపింది.

"నువ్వు చిన్నప్పుడు... నేనేదో అన్నాను కదూ?" అన్నారు. "మీ అమ్మతో."

"గుర్తొచ్చిందా?"

"ఇప్పుడే." చేత్తో ముఖం తుడుచుకున్నారు. "ఆ మాటన్నది నేనే. అని మర్చిపోయిందీ నేనే. ఆ ముడత చూసి పొగరనుకుని తిట్టిందీ నేనే." కుర్చీ లాగి, తన చొక్కా చేతులతో తుడిచారు. "కూర్చోమ్మా. ఒక్కసారి కూర్చో. తర్వాత నీ ఇష్టం."

'అమ్మా' అన్న ఆ పిలుపుకి వదిన ఒక అడుగు ముందుకేసింది. కానీ పెట్టె కింద పెట్టలేదు.

"జాలిపడి ముందు కౌంటర్లో కూర్చోబెడతారా? నాకొద్దు. నాకు వెనక గదే ఇష్టం. తప్పు జరిగినప్పుడు తిట్టేముందు, ఏం జరిగిందని నన్ను అడగండి. కోడల్ని అడిగినట్టు. నాకు అది చాలు."

"అడుగుతాను."

"మర్చిపోతారు."

"మర్చిపోతే స్కేలుతో వేళ్ళ మీద కొట్టు," అన్నారాయన, రెండు చేతులూ ముందుకు చాపి.

వదినకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఎవరికీ తెలీలేదు. రెండూ కలిసే వచ్చుంటాయి. పెట్టె నేల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది.

"వదినా," అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ, "నాకు నేర్పుతారా? మొదట్నించీ. కొట్టినా సరే."

"నేను కొట్టను. కానీ గట్టిగా అంటాను. తట్టుకుంటావా?"

"ఇవాళ పొద్దున్నించీ ఆ ఒక్క తిట్టు కోసమే తిరుగుతున్నాను."

"అయితే ముందిది విను, మొద్దూ. పొద్దున పైదాకా వినబడేలా ట్రే పడేశావు చూడు, డ్రైవరు ఫ్రేము కూడా అందులోనే ఉండుంటుంది. వెళ్ళి కాడ వంగిందేమో చూసి తీసుకురా."

ఆ తిట్టు అందుకుని కోడలు ట్రేతో వెనక గదిలోకి పరుగెత్తింది. టీ గుక్క దొరికినంత సంబరంగా ఉంది లోపల. వదిన కూర్చునే స్టూలు మీద తను కూర్చుని ఫ్రేము కాడలు సరిచూస్తూ, పలకంత కిటికీలోంచి చూసింది. ఇటునుంచి చూడటం ఆమెకిదే మొదలు. ఇన్నాళ్ళూ వదినకి కనిపించింది ఇంతేనన్నమాట: కౌంటరు, నవ్వులు, తన వీపు.

మామగారు గోడ మీదున్న ఫ్రేముల్లో అన్నిటికన్నా మంచిది ఎంచి తెచ్చారు. కూతురికి తొడిగారు. ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. కంటిపాపకి చుక్క పెట్టాలంటే మనిషి కళ్ళలోకి తిన్నగా చూడాలి, వేరే దారి లేదు. ఆయన చూశారు. ఒక చుక్క పెట్టారు. రెండోది పెట్టబోతే కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనబడలేదు, ఎక్కడో పడింది.

"తప్పు పడింది," అన్నారు చిన్నపిల్లాడిలా. బొటనవేలితో రెండు చుక్కలూ చెరిపేశారు. "మళ్ళీ పెడతాను. కదలకమ్మా."

"తొందరేం లేదు నాన్నా," అంది వదిన, ముఖం ఎక్కడికీ తిప్పుకోకుండా. "సరిగ్గా చూడండి."